మందుల కంపెనీ, రాష్ట్ర కార్యాలయం.. మధ్యలో మనం

ఇంట్లో ఉన్న ఏ ట్యాబ్లెట్ల షీటునైనా ఒకసారి వెనక్కి తిప్పండి. ధర, గడువు తేదీ చూడటం మనకు అలవాటే. వాటి పక్కనే ఇంకా సన్నటి అక్షరాల్లో తయారీ లైసెన్సు నంబరు ఒకటి ఉంటుంది. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు కూడా దాని జోలికి వెళ్లరు. మందు బాగోగులన్నీ ఢిల్లీలోని కేంద్ర సంస్థే చూసుకుంటుందని, ఈ నంబరూ అక్కడే ఇస్తారని చాలామంది నమ్మకం. నిజానికి కొత్త మందుకు తొలి అనుమతి కేంద్రానిది. టీకాలు, రక్త ఉత్పత్తుల వంటి కొన్నింటి లైసెన్సుకూ కేంద్రం ఆమోదం కావాలి. మనం రోజూ వాడే జ్వరం మాత్ర, బీపీ మాత్ర, పిల్లల దగ్గు సిరప్పు లాంటి మామూలు మందుల సంగతి వేరు. ఫ్యాక్టరీ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర ఔషధ నియంత్రణ కార్యాలయమే వాటి తయారీకి లైసెన్సు ఇస్తుంది. తనిఖీ చేయాల్సిందీ, నోటీసు ఇవ్వాల్సిందీ, తప్పు తేలితే లైసెన్సు ఆపాల్సిందీ ఆ కార్యాలయమే. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం వేసిన దారి ఇది.

దారి రాష్ట్రానిది, బండి మాత్రం దేశమంతా తిరుగుతుంది. ఒక రాష్ట్రంలో లైసెన్సు తీసుకుని చేసిన మందును ఏ రాష్ట్రంలోనైనా అమ్ముకోవచ్చు. అంటే ఆదిలాబాద్‌లో ఒక తల్లి తన బిడ్డకు పట్టే సిరప్పు మంచిచెడ్డలు ఎక్కడో తమిళనాడులోనో హిమాచల్‌ప్రదేశ్‌లోనో ఒక కంపెనీకీ, ఒక ప్రభుత్వ కార్యాలయానికీ మధ్య సంబంధం ఎలా ఉందన్నదాన్ని బట్టి ఉంటాయి. ఆ సంబంధంలో మనకు తెలిసేది ఎంత? దాదాపు ఏమీ లేదు. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

2025 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో జలుబు, జ్వరం వచ్చిన చిన్నపిల్లలకు మూత్రం ఆగిపోవడం, కిడ్నీలు పనిచేయకపోవడం మొదలైంది. 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. వాళ్లు తాగిన సిరప్పు పేరు కోల్డ్‌రిఫ్. తయారైంది తమిళనాడు కాంచీపురం జిల్లాలోని స్రేసన్ ఫార్మాస్యూటికల్స్‌లో. మధ్యప్రదేశ్ నుంచి కబురు అందగానే తమిళనాడు అధికారులు పండగ సెలవులని చూడకుండా ఫ్యాక్టరీకి వెళ్లారు, శాంపిల్ తీశారు, మర్నాటికల్లా ఫలితం తేల్చారు. ఆ బ్యాచ్‌లో 48.6 శాతం డైఎథిలీన్ గ్లైకాల్ ఉంది. అది రంగులు, బ్రేక్ ఆయిల్ లాంటి వాటిలో వాడే పారిశ్రామిక ద్రావకం. సిరప్పులో అది 0.1 శాతం దాటకూడదు. ఆ తనిఖీలో ఫ్యాక్టరీలో 300కు పైగా లోపాలు బయటపడ్డాయి. అక్టోబరులోనే లైసెన్సు రద్దయింది, యజమాని అరెస్టయ్యారు.

ఆ రెండు రోజుల వేగాన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే 300 లోపాలు ఒక్క రాత్రిలో పుట్టవు. 2024, 2025లో ఆ యూనిట్‌ను తనిఖీ చేయలేదన్న కారణంతో ఇద్దరు సీనియర్ డ్రగ్ ఇన్‌స్పెక్టర్లను తమిళనాడు ప్రభుత్వం సస్పెండ్ చేసింది. ఒక్క రోజులో చేయగలిగిన పని రెండేళ్లు ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు సస్పెన్షన్ ఉత్తర్వు జవాబు కాదు.

ఇదే రసాయనం 2019 చివర్లో జమ్మూ ప్రాంతంలోని రామ్‌నగర్‌లో పది మందికి పైగా పిల్లల ప్రాణం తీసింది. ఆ సిరప్పు తయారైంది హిమాచల్‌ప్రదేశ్‌లో. 2022 అక్టోబరులో ఆఫ్రికాలోని గాంబియా పిల్లల మరణాల విషయమై ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసినప్పుడు అందులో ఉన్నది హరియాణా కంపెనీ పేరు. చావులు ఒక చోట, లైసెన్సు మరో చోట. తమ పిల్లలు చనిపోయిన రాష్ట్రం ఆ మందు అమ్మకాన్ని తన హద్దుల్లో ఆపించగలదు, కేసు పెట్టగలదు. ఫ్యాక్టరీ లైసెన్సును మాత్రం ముట్టుకోలేదు. కంపెనీ వైపు నుంచి చూస్తే లెక్క సులువు. పాతిక రాష్ట్రాల్లో అమ్ముకునే కంపెనీ మంచి సంబంధాలు నిలుపుకోవాల్సింది ఒక్క రాష్ట్రంలోని ఒక్క కార్యాలయంతోనే.

మంచి సంబంధాలు అనగానే మన బుర్ర కవర్లలో పెట్టిన డబ్బు వైపు పోతుంది. అది ఉండదని అనేంత అమాయకత్వం మనకెవరికీ లేదు. ఏసీబీ దాడుల వార్తల్లో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కూడా కనిపిస్తూనే ఉంటారు. కానీ లంచం మీదే చూపు పెడితే అసలు వ్యవహారం కనబడదు. రోజువారీ సంబంధం చాలా మర్యాదగా, చాలావరకు చట్టబద్ధంగా నడుస్తుంది. కంపెనీకి ఆ ఆఫీసుతో పని ఏడాది పొడవునా ఉంటుంది. కొత్త మందు తయారీ జాబితాలో చేర్చాలన్నా, కొత్త షెడ్డు కట్టాలన్నా, మందు తయారీకి బాధ్యుడైన టెక్నికల్ మనిషి మారినా దరఖాస్తు పెట్టాలి. ప్రభుత్వ టెండర్లో పాల్గొనాలంటే తయారీ ప్రమాణాలు పాటిస్తోందన్న సర్టిఫికెట్, ఏ కేసులోనూ శిక్ష పడలేదన్న పత్రం కావాలి. వీటి కోసం పెద్ద కంపెనీలు ప్రత్యేకంగా రెగ్యులేటరీ విభాగాలనే పెట్టుకుంటాయి. చిన్న కంపెనీలు ఈ ఆఫీసుల లోగుట్టు తెలిసిన కన్సల్టెంట్లను పట్టుకుంటాయి. పదేళ్లు రోజూ ముఖాలు చూసుకున్నవాళ్లు ఒకరికొకరు కొత్తవాళ్లలా ఉండరు కదా. తనిఖీకి ముందు ఒక ఫోను, నోటీసుకు జవాబివ్వడానికి ఇంకో పదిహేను రోజులు, సస్పెన్షన్‌కు బదులు హెచ్చరిక. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాకపోవచ్చు. అన్నీ కలిస్తే కాపలాదారు ఇంటిమనిషి అవుతాడు.

పైగా కాపలాదారులు తక్కువ. 2003లో మషేల్కర్ కమిటీ ప్రతి 50 తయారీ యూనిట్లకు ఒకరు, ప్రతి 200 మందుల దుకాణాలకు ఒకరు చొప్పున ఇన్‌స్పెక్టర్లు ఉండాలని చెప్పింది. రెండు దశాబ్దాలు దాటినా ఆ లెక్కను అందుకోలేని రాష్ట్రాలే ఎక్కువ. ఇంకో మార్పు కూడా నిశ్శబ్దంగా జరిగిపోయింది. 2017లో నిబంధనలు సవరించి, ఐదేళ్లకోసారి రుసుము కడితే లైసెన్సు కొనసాగేలా చేశారు. తనిఖీ కనీసం మూడేళ్లకోసారి, ప్రమాదాన్ని బట్టి అవసరమైతే ఇంకా ముందే జరగాలన్నారు. వ్యాపారం సులువు కావాలన్న ఉద్దేశంతో చేసిన మార్పు ఇది. మన బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు వెళ్తామో గుర్తు తెచ్చుకోండి.

ఈ సంబంధాల లోపలికి ఒక న్యాయమూర్తి దీపం పట్టుకుని వెళ్లిన సందర్భం ఒకటుంది. 1986 తొలి నెలల్లో బొంబాయి జేజే ఆస్పత్రిలో 14 మంది రోగులు చనిపోయారు. వాళ్లకిచ్చిన గ్లిజరాల్‌లో ఉన్నది ఇదే డైఎథిలీన్ గ్లైకాల్. జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చింది. ఆస్పత్రి స్టోర్లు, సరఫరాదారులు, మహారాష్ట్ర ఫుడ్ అండ్ డ్రగ్ విభాగం అధికారులు, వాళ్ల పై నాయకులు, అందరి పాత్రలనూ అది విప్పి చూపింది. ఆరోగ్యమంత్రి పదవి ఊడింది. అధికారి చర్య తీసుకున్నా పైనుంచి జోక్యం చేసుకుని దాన్ని నీరుగార్చే పద్ధతి ఒకటి ఉందని ఆ విచారణ వల్లే జనానికి తెలిసింది.

ఆ పద్ధతికి చట్టంలోనే ఒక తలుపు ఉంది. లైసెన్సు రద్దయిన లేదా సస్పెండైన కంపెనీ మూడు నెలల్లోగా రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. అధికారి తప్పు చేస్తే సరిదిద్దే వీలు ఉండాలి, కాదనడం లేదు. కానీ ఆ అప్పీలు వెళ్లేది కోర్టుకు కాదు, సచివాలయానికి. అక్కడ కంపెనీ తన వాదన చెప్పుకుంటుంది, శాఖ తన ఫైలు పెడుతుంది. ఆ మందు మింగినవాళ్లకు అక్కడ కుర్చీ లేదు. ఏ కంపెనీ అప్పీలు చేసింది, ఎందుకు ఊరట దొరికింది అన్నది తెలుసుకోవాలంటే మనకు దారి దొరకడమే కష్టం.

రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీ పడినప్పుడు ఇంకో విచిత్రం జరుగుతుంది. రెండు మూడు మందులు కలిపి ఒకే మాత్రగా చేసే కాంబినేషన్లు కొత్తగా తేవాలంటే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలి. 2012లో పార్లమెంటు స్థాయీ సంఘం తన 59వ నివేదికలో ఆ అనుమతి లేకుండానే చాలా కాంబినేషన్లకు రాష్ట్రాల అధికారులు తయారీ లైసెన్సులు ఇచ్చేశారని తేల్చింది. ఒక రాష్ట్రం కాదంటే ఇంకో రాష్ట్రం ఉండనే ఉంది! తర్వాత ఒక నిపుణుల కమిటీ వేల కాంబినేషన్లను పరిశీలించింది. 2016 మార్చిలో కేంద్రం 344 రకాలను నిషేధించింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. మళ్లీ పరిశీలన జరిగి 2018 సెప్టెంబరులో 328 రకాలపై నిషేధం వచ్చింది. మన ఇళ్ల మందుల డబ్బాల్లో ఏళ్ల తరబడి ఉన్న జలుబు, నొప్పి మాత్రలు కొన్ని ఆ జాబితాల్లో కనిపించి చాలామంది ఆశ్చర్యపోయారు. అన్నేళ్లు వాటిని వేసుకున్నది మనమే.

ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం. హైదరాబాద్ మందుల తయారీకి దేశంలోనే పెద్ద కేంద్రం. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ రావడంతో నాటిన విత్తు జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు మీదుగా జీనోమ్ వ్యాలీ దాకా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో పరవాడ ఫార్మా సిటీ ఉంది, నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు వస్తోంది. ఈ పేజీ చదివే ఇళ్లలో ఎన్నింటిలో ఒక కొడుకో కోడలో ఏదో ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ విభాగంలోనో ప్రొడక్షన్‌లోనో పనిచేస్తుంటారు! ఈ పరిశ్రమ మనది. చౌక మందులు ప్రపంచానికి ఇచ్చిన పేరూ మనదే. అందుకే ఇక్కడి ప్రభుత్వాలకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఒక శాఖ బయోఏషియా లాంటి సదస్సులు పెట్టి, భూములిచ్చి, రాయితీలిచ్చి కంపెనీలను రమ్మని పిలుస్తుంది. అదే ప్రభుత్వంలోని ఇంకో శాఖ వెళ్లి ఆ కంపెనీ తలుపు తట్టి లోపాలు వెతకాలి. పెట్టుబడి తరలిపోతుందన్న బెదిరింపు నోటితో చెప్పక్కర్లేదు, గాల్లోనే ఉంటుంది.

దానికి తోడు ఎన్నికల ఖర్చు. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లను కొట్టేసిన తర్వాత ఎవరు ఎంత కొన్నారో బయటికి వచ్చింది. ఆ జాబితాలో మందుల కంపెనీలు చాలానే ఉన్నాయి, హైదరాబాద్ కంపెనీలూ ఉన్నాయి. అప్పట్లో బాండ్లు కొనడం చట్టబద్ధమే. బాండు కొన్నందుకే తనిఖీ ఆగిందని ఆ జాబితా ఒక్కటే రుజువు చేయదు. అయితే లైసెన్సు ఇచ్చే ప్రభుత్వాన్ని నడిపే పార్టీలకు లైసెన్సు తీసుకునే కంపెనీలు డబ్బిచ్చాయన్న సంగతి, కోర్టు చెప్పేదాకా మందు కొనేవాళ్లకు తెలియకుండా ఉండిపోయింది. అనుమానం అక్కడే పుడుతుంది.

షేర్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇంకో ఉదాహరణ చెబితే వెంటనే అర్థమవుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు మన ఫార్మా ప్లాంటుకు తనిఖీకి వస్తారు. లోపాలు కనబడితే ఫారం 483 మీద రాసిస్తారు. సాయంత్రానికి బిజినెస్ చానళ్లలో ‘ఇన్ని అబ్జర్వేషన్లు’ అని వస్తుంది, మర్నాడు షేరు కదులుతుంది. వ్యవహారం ముదిరితే హెచ్చరిక లేఖను కంపెనీ పేరుతో సహా ఎఫ్‌డీఏ తన వెబ్‌సైట్లో పెడుతుంది. అంటే మన ఊరి ఫ్యాక్టరీలో ఏ గదిలో శుభ్రత లేదో, ఏ రికార్డు దిద్దారో న్యూజెర్సీలో ఉన్న రోగి ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. మన రాష్ట్ర అధికారులు తనిఖీ చేసి రాసిన నివేదిక మాత్రం, ఆ ఫ్యాక్టరీకి పది కిలోమీటర్ల దూరంలో ఉండి అక్కడ తయారైన మాత్ర వేసుకునే కూకట్‌పల్లి వాసికి కనబడదు. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం ఈమధ్య దాడుల వివరాలను పత్రికలకు విరివిగా ఇస్తోంది. కోల్డ్‌రిఫ్ సమయంలో ఆ బ్యాచ్ వాడొద్దని జనాన్ని త్వరగానే హెచ్చరించింది. ఇది మంచి అలవాటు. కానీ దాడి వేరు, తనిఖీ నివేదిక వేరు. దొరికిన దొంగల కథ మొదటిది. లైసెన్సు ఉన్న కంపెనీ ఎలా నడుస్తోందో చెప్పేది రెండోది.

కంపెనీకీ రాష్ట్రానికీ మధ్య సంబంధం లైసెన్సుతోనే అయిపోదు. ఉచితంగా ఇవ్వడం, కలిసి కార్యక్రమం చేయడం అనే దారి కూడా ఉంది. ఈ రెండో దారి ఎంత దూరం పోగలదో తెలుగునేల ఒకసారి చూసింది.

2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. అమెరికాకు చెందిన పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన గార్డాసిల్. గుజరాత్‌లోని వడోదరలో ఇలాంటిదే ఇంకో ప్రాజెక్టు, అక్కడ గ్లాక్సో స్మిత్‌క్లైన్ టీకా. ఖమ్మంలో దాదాపు 14 వేల మంది పిల్లలకు టీకా వేశారు. వాళ్లలో చాలామంది గిరిజన కుటుంబాల పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు కూడా వాడటంతో ఇది మామూలు సర్కారు టీకానే అన్న భావన కలిగింది. తర్వాత కొందరు పిల్లల మరణాల వార్తలు రావడం, మహిళా సంఘాలు వెళ్లి ఊళ్లలో విచారించడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది.

ఇక్కడ రెండు విషయాలను కలిపేయకూడదు. రెండు రాష్ట్రాల్లో కలిపి జరిగిన ఏడు మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా వంటివి కారణాలుగా నమోదయ్యాయి. టీకా విషయంలో తల్లిదండ్రులు ఈ పాత భయాన్ని మోయనక్కర్లేదు. తప్పు జరిగింది వేరే చోట. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఇచ్చిన అంకెలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద ఉన్నది హాస్టల్ వార్డెన్ సంతకం. అమ్మానాన్నలు ఊళ్లో ఉండగానే, బిడ్డ ఒంట్లోకి వెళ్లే సూదికి వార్డెన్ సరేనన్నారు! ఈ టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరితే కంపెనీలకు ఏటా అందే లాభం కోసమే ఈ ప్రాజెక్టు ఉపయోగపడిందని సంఘం ఘాటుగా రాసింది. పాత్ సంస్థ ఆ ఆరోపణలను ఖండించింది. ఎవరి ఉద్దేశం ఏమిటన్నది పక్కన పెట్టినా ఒక సంగతి మిగులుతుంది. రాష్ట్ర ప్రభుత్వం తన ఆరోగ్య కార్యకర్తలనూ, తన హాస్టళ్లనూ, తన మీద జనానికి ఉన్న నమ్మకాన్నీ ఇచ్చింది. ఎవరు టీకా ఇచ్చారు, ఎవరు డబ్బిచ్చారు, ఇది మామూలు టీకా కార్యక్రమమా లేక అధ్యయనమా అన్నది ఆ పిల్లల ఇళ్లకు స్పష్టంగా చెప్పలేదు.

దాని వెల ఎవరు కట్టారు? మన దేశంలో 2020 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 1.24 లక్షల మంది మహిళలకు ఈ క్యాన్సర్ వచ్చింది, 77 వేల మందికి పైగా చనిపోయారు. ఖమ్మం తర్వాత హెచ్‌పీవీ టీకా అనే మాట ఎత్తడానికే ప్రభుత్వాలు జంకాయి. జాతీయ సలహా బృందం దీన్ని సార్వత్రిక కార్యక్రమంలో చేర్చమని సిఫారసు చేసేసరికి 2022 వచ్చింది. ఆ లోపల సిక్కిం 2018లో తనంతట తానే ఈ టీకా వేసింది. ముందు టీచర్లకు చెప్పింది, తల్లిదండ్రులతో మాట్లాడింది, డాక్టర్లను ఒప్పించింది. తర్వాతే సూది తీసింది. 95 శాతానికి పైగా ఆడపిల్లలకు టీకా అందింది. అదే జబ్బుకు అదే రకం టీకా. ఖమ్మంలో ఆగిపోయింది, సిక్కింలో అందరికీ చేరింది. కంపెనీలనూ ప్రభుత్వాలనూ కలవనివ్వకూడదనే వాదన అందుకే నాకు పనికిరానిదిగా కనిపిస్తుంది. అవి కలవకుండా టీకా రాదు, టెండరు నడవదు. కలిసింది ఎక్కడ, మాట్లాడుకున్నది ఏమిటి, ఇచ్చిపుచ్చుకున్నది ఎంత అన్నది బల్ల మీద ఉండాలి.

బల్ల మీద పెట్టడానికి చట్టాలు పెద్ద అడ్డు కాదు. అమెరికాలో కంపెనీలు డాక్టర్లకూ బోధనాసుపత్రులకూ ఇచ్చే సొమ్మంతా పేర్లతో సహా వెబ్‌సైట్లో పెట్టాలని 2010లోనే చట్టం చేశారు. మన దగ్గర 2024 మార్చిలో మందుల మార్కెటింగ్‌కు ఒక ఏకరూప నియమావళి వచ్చింది. డాక్టర్లకు బహుమతులు, విహారయాత్రలు ఇవ్వకూడదని అది చెబుతుంది. కానీ ఫిర్యాదు వస్తే విచారించేది పరిశ్రమ సంఘాలు తామే వేసుకున్న కమిటీలు. ఇంట్లో పిల్లలు కొట్టుకుంటే తీర్పు చెప్పమని వాళ్లలో ఒకరినే పిలిచినట్టుంది ఇది. పైగా దాని చూపంతా డాక్టర్ల మీదే. లైసెన్సు ఇచ్చే కార్యాలయంతో కంపెనీ నడిపే వ్యవహారం దాని లెక్కలోకి రాదు. తయారీ ప్రమాణాల షెడ్యూల్ ఎంను 2023 డిసెంబరులో కేంద్రం కఠినం చేసింది. చిన్న కంపెనీలు గడువు అడిగాయి, 2025 చివరిదాకా గడువిచ్చారు. కోల్డ్‌రిఫ్ సీసాలు ఛింద్వాడా చేరింది ఆ గడువు ఇంకా నడుస్తుండగానే.

తెలుగు రాష్ట్రాలు రెండూ ఢిల్లీ కోసం ఎదురుచూడకుండానే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి ఫ్యాక్టరీ చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, ఏం లోపాలు దొరికాయి, సరిదిద్దారా లేదా అన్నది వెబ్‌సైట్లో పెట్టొచ్చు. లైసెన్సు సస్పెన్షన్ మీద వచ్చే అప్పీళ్లనూ, వాటి మీద ఇచ్చిన ఉత్తర్వులనూ కారణాలతో సహా బయటపెట్టొచ్చు. ఆరోగ్య శాఖకు కంపెనీలు ఉచితంగా ఇచ్చే మందులు, పరికరాలు, శిక్షణ శిబిరాల ఖర్చు ఒక రిజిస్టర్లో రాసి ఏటా అచ్చు వేయొచ్చు. వ్యాపార రహస్యాలు బయటపడతాయన్న అభ్యంతరం వస్తుంది. మందు ఎలా చేస్తారన్నది రహస్యం కావచ్చు, ఒప్పుకుందాం. గదిలో ఎలుకలున్నాయన్నది ఏ రకం రహస్యం? మంచి కంపెనీలకు దీనివల్ల నష్టం లేదు సరికదా, లాభమే. ఈరోజు పక్క ఫ్యాక్టరీ చేసిన పాపానికి మొత్తం ఊరి పేరు పోతోంది.

ఈలోగా ఇంటి దగ్గర మనం చేయగలిగింది కూడా కొంత ఉంది. పిల్లల సిరప్పు కొన్నప్పుడు బిల్లు తీసుకోండి, సీసా పూర్తయ్యేదాకా లేబుల్ చింపకండి. తేడా చేసినప్పుడు సీసా పారేయకుండా అందులో మిగిలిన మందుతో సహా దాచండి, ఎందుకంటే బ్యాచ్ నంబరు లేకపోతే ఏ అధికారీ ఏమీ చేయలేడు. నాలుగేళ్ల లోపు పిల్లలకు డాక్టరు చెప్పకుండా జలుబు, దగ్గు సిరప్పులు పట్టకండి. నాణ్యత లేవని తేలిన మందుల జాబితాను కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ ప్రతి నెలా తన వెబ్‌సైట్లో పెడుతుంది. మందు వికటించిందన్న అనుమానం ఉంటే 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు చెప్పొచ్చు. అది ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే జాతీయ నమోదు వ్యవస్థ.

చాలామందికి తెలియని ఇంకో హక్కు చట్టంలోని 26వ సెక్షన్లో ఉంది. కొన్న మందు మీద అనుమానం వస్తే ఎవరైనా సరే, వినియోగదారుల సంఘమైనా సరే, నిర్ణీత రుసుము కట్టి దాన్ని ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్షకు ఇవ్వొచ్చు. అనలిస్టు సంతకంతో నివేదిక వస్తుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు, సీనియర్ సిటిజన్ల సంఘాలు ఏటా తమ సభ్యులు ఎక్కువగా వాడే రెండు మూడు మందులను ఇలా పరీక్షకు పంపితే అడ్డుచెప్పేవాళ్లు లేరు. అలాగే మీ బీపీ మాత్ర షీటు వెనక ఉన్న లైసెన్సు నంబరు రాసి, ఆ ఫ్యాక్టరీని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో, ఏం రాశారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద ఆ రాష్ట్ర ఔషధ నియంత్రణ కార్యాలయాన్ని అడగండి. మన రాష్ట్ర కార్యాలయంలో అయితే రుసుము 10 రూపాయలు. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువుంది. వ్యాపార రహస్యమంటూ తిప్పి పంపితే, ప్రజాప్రయోజనం ఉన్నప్పుడు ఆ మినహాయింపు వర్తించదన్న 8(1)(డి) సెక్షన్‌ను ఉటంకిస్తూ మళ్లీ అప్పీలు రాయండి. వచ్చిన జవాబును ఈ పేజీకి పంపండి, అచ్చు వేస్తాం.